పుట్టి

నిఘంటువు పనిమీద సోమశిల రేవుకు పోయిన.
సంచిల ఖాళీ చీటీలు, జేబుల రెండు పెన్నులు.

ఒక చీటీ గుడి రాతి మీంచి దించుకున్నదే:
'ఇరువది తూములు పుట్టి.'
రాయి వానలకు అరిగి దానమిచ్చినాయన పేరు పోయింది,
కొలత మిగిలింది.

ఇంకొకటి ఇంటికాడనే రాసుకొచ్చిన:
'పుట్టెడు దుఃఖం.' పక్కన పెన్సిల్‌తో,
'ఉదాహరణ కావాలె.'

ఉశెనమ్మ మాట చెప్పలే, వస్తువు చూపింది.
వెదురుబద్దల గంప, అడుగున తారు పూసిన యూరియా సంచులు.
"మా తాత కాలంల ఎద్దుతోలు కట్టేటోళ్లు.
ఎండకు పెట్టకుంటే ఒకటే కంపు."

ఎక్కిన. పుట్టి గిర్రున తిరిగింది,
ముక్కు ఎటు పెట్టాల్నో తెలువనట్టు.
పుట్టికి ముక్కే ఉండదని అప్పుడు యాదికొచ్చింది.

నడిమిట్ల తెడ్డు ఆపి నీళ్లల్లకు చూసింది.
"ఈడనే మా చేను. పుట్టెడు జొన్న పండేది.
డ్యాం నిండిన యేడు, కంకి పాలు పోసుకుంటుంటే..."

పుట్టెడు మీద పుట్టి ఊగుతున్నది.
ఏ చీటీ తియ్యాల్నో చెయ్యికి తెలుస్తలే.

"రాసుకో" అన్నది తనే.
"పుట్టి మునిగిందంటరు గదా మీరు.
మా పుట్టి ఎన్నడు మునగలే బిడ్డా, నేలే మునిగింది."

"నువ్వు ఏడ పుట్టినవమ్మా?"
తెడ్డుతోని మళ్ల నీళ్లనే చూపింది.

ఒడ్డున పుట్టిని ఏటవాలుగ నిలబెట్టి, దాని నీడల
సద్ది విప్పి రొట్టె సగం తుంచి ఇచ్చింది.
జొన్నలు కొల్లాపూర్ బజార్ల కొన్నవట,
కిలోల లెక్కన.