మొదటి స్థానం గురించి హెయిమోతో తగువు

హెయిమో దగ్గర గళ్ల నోటుబుక్కు ఉంది.
తొమ్మిది వేసవులు, నాలుగు దేశాలు,
ఎక్కిన ప్రతి రోలర్ కోస్టర్‌కీ ఒక వరస, ఒక అంకె.
ఎత్తు, వేగం, తలకిందులు ఎన్నిసార్లు,
క్యూలో నిలబడ్డ నిమిషాలు.
భయానికి మాత్రం గడి లేదు.
కొలవలేనిది లేనట్టే అంటాడు.
నేను ఒప్పుకోను.

ఎనిమిది దగ్గర మాకు పేచీ లేదు.
స్వీడన్ తీరంలో, నీళ్ల అంచునే కట్టిన నీలం ఉక్కు పాము.
పైకెక్కాక ఒక్క క్షణం
ఓడల పొగగొట్టాలు కాళ్ల కింద కనిపిస్తాయి,
తర్వాత ఏమీ కనిపించదు.
దిగి చూసుకుంటే ఒక చెవిపోగు లేదు.
హెయిమో రాశాడు: "మెడ నొప్పి. ఎనిమిది."

ఐదు, నార్వేది. కొండను తొలిచి కట్టారు.
సొరంగంలోకి జర్రున దూరినప్పుడు
చలి మొహాన తడిగుడ్డలా పడింది.
వెనక సీట్లో ముసలాయన కేక వెయ్యలేదు,
ఎవరి పేరో పిలిచాడు, మూడుసార్లు, మెల్లగా.
రాగ్న్‌హిల్డ్.
ఆయన పక్క సీటు ఖాళీ.
దానికీ గడి లేదు.

నాలుగు, మూడు వదిలేద్దాం.
డెన్మార్కులో అచ్చుగుద్దినట్టున్న కవలలు,
ఒకదాంట్లో నాకు వాంతయింది,
ఏదో ఇద్దరికీ గుర్తులేదు.

ఇక మా ఊరి చెక్కది.
పైన్ దూలాలు, తెల్ల రంగు, ఊగితే మూలిగే కీళ్లు.
దాన్ని ఆపేది యంత్రం కాదు,
పెట్టెల నడుమ నిలబడి
ఒక మనిషి బ్రేకు కడ్డీ పట్టుకుంటాడు.

పగటి డ్యూటీ ఓస్సిది.
చిల్లర దాచుకున్నట్టు వేగాన్ని దాచుకుంటాడు,
ప్రతి గుట్ట ముందూ కిర్రుమనిపిస్తాడు,
పాలక్యాన్ల బండిలా, చుక్క తొణక్కుండా దింపుతాడు.
హెయిమో ఎక్కింది ఆ బండే.
"పదకొండు" అని రాసి కింద గీత కొట్టాడు.

ఆరు దాటాక తూలి వస్తుంది.
ఆ పేరుకి మా భాషలో గాలి అని అర్థం.
చేతికి తోలు తొడుగు,
బుగ్గలో నల్లటి ఉప్పు మిఠాయి.
ఎక్కేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తుంది,
నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూసినట్టు.

ఆ రోజు నాది పదకొండు గంటల డ్యూటీ.
యూనిఫాం విప్పకుండానే వచ్చి కూర్చున్నాను.
"మీరు ఏడో నంబరు బస్సు కదూ?" అంది తూలి.
అవునన్నాను.
"పొద్దుటినుంచీ మీరే ఆపుతున్నారుగా,
ఇక నేను చూసుకుంటాను."

తొమ్మిదిన్నరకీ ఎండ పోలేదు.
వాన వెలిసి పట్టాలు మెరుస్తున్నాయి.
గొలుసు టకటకలాడుతూ పైదాకా మోసి
వదిలేసింది.
మొదటి గుట్ట దగ్గర లాగుతుందనుకున్నాను.
రెండో గుట్ట దగ్గరైనా.
మూడోదాని మీద
నాకూ సీటుకీ మధ్య జానెడు ఆకాశం.
నా కుడికాలు అలవాటుగా కింది చెక్కను తొక్కింది.
తొక్కింది, తొక్కింది.
అక్కడ బ్రేకు లేదు.
ఉన్నది నాది కాదు.
పంతొమ్మిదేళ్ల సర్వీసులో మొదటిసారి
ఆ కాలికి సెలవు దొరికింది.
ఎంత నవ్వానంటే
ముందు సీటు పిల్లలు భయపడి వెనక్కి చూశారు.

ఒకటి అని రాయి, అన్నాను ఇంటికొచ్చి.
"ఒకే పట్టా పదకొండూ ఒకటీ ఎలా అవుతుంది?"
ఒకే గంజి నువ్వు కాస్తే ఒకలా, నేను కాస్తే ఒకలా ఉండదూ?
"గంజికి వరస లేదు" అన్నాడు.
మూడు రోజులు అదే మాట మీద అన్నం.

శుక్రవారం ఆరు దాటాక లాక్కెళ్లాను.
తూలి అతని మొహం చూసింది, కాస్త ఎక్కువసేపే.
ప్రతి గుట్టకీ లాగింది.
ఓస్సికన్నా గట్టిగా లాగింది.
నా పరువంతా ఆ పట్టాల మీదే పోయింది.

దిగాక అడిగాను, ఇదేం పని?
"ఆయన దవడ బిగుసుకుని ఉంది.
ఆయనకి ఇవాళ అంతకన్నా పట్టదు" అంది,
మిఠాయి ఇటునుంచి అటు మార్చి.

హెయిమో బెంచీ మీద కూర్చున్నాడు.
పదకొండు కొట్టేశాడు.
పది అని రాశాడు.
సరే, అదీ గెలుపే అని సాసేజీ కొనిపెట్టాను.
ఆవపిండి అంటిన వేలితో పేజీ తిప్పుతూ
నావైపు చూడకుండా అడిగాడు:
"ఆ పిల్ల రేపు డ్యూటీలో ఉంటుందా?"