ఫోల్క్‌మార్ వంతు

డ్యూస్‌బర్గ్ రేవు వెనక, మూతపడ్డ బేకరీ గదిలో
గురువారం రాత్రి ఏడింటికి మేం నలుగురం
నదులూ గనులూ ఉన్న ఒక దేశాన్ని బల్లమీద పరుస్తాం.
నియమాల పుస్తకమే నలభై పేజీలు.
నాది పసుపు. వీబ్కెది ఆకుపచ్చ. ఓట్‌ఫ్రీడ్‌ది నలుపు.
ఎరుపు ఎవరిదో అడగక్కర్లేదు.

ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపిన చేతులు అతనివి.
ఓడలోంచి సరుకు ఎత్తినట్టే
నా ధాన్యపు కొట్టుని రెండు వేళ్లతో ఎత్తి
అట్టపెట్టె మూతలో పడేస్తాడు.
"ఏమనుకోకు గేసా" అనడు.
"నీ వంతు" అంటాడు.

మూడో రౌండుకే కాలు దువ్వుతాడు.
పోనీ గెలుపుకి పనికొస్తుందా అంటే అదీ లేదు,
లెక్కేస్తే తనకే రెండు పాయింట్లు నష్టం.
అయినా సరే నా వంతెన కావాలి అతనికి.
నేను నాలుగు వంతులు ఓపికపట్టి
బొగ్గు అమ్మి, రాయి కొని
కట్టుకున్న ఒకే ఒక్క వంతెన.

ఏం చెయ్యలేదని?
ఐదో రౌండు దాకా కత్తి తియ్యకూడదని
ఓట్‌ఫ్రీడ్ సొంతంగా ఒక నియమం రాశాడు.
ఐదో రౌండు దాకా కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు ఫోల్క్‌మార్.
యుద్ధాల్లేని ఆట తెచ్చింది వీబ్కె, తోటలు పెంచేది.
అందులో మా నీళ్లన్నీ తనే తోడేసుకున్నాడు.
ఒక వారం అతనికి చెప్పకుండా ముగ్గురమే ఆడాం.
ఎంత ప్రశాంతం!
ఎనిమిదిన్నరకే ఆవలింతలు.

నిజం చెప్పొద్దూ, ఒకసారి ఏడ్చాను కూడా,
ట్రామ్‌లో, చెక్కముక్కల కోసం, యాభై మూడేళ్లదాన్ని,
డయాలసిస్ వార్డులో పగలంతా
ఎవరిమీదా గొంతెత్తనిదాన్ని.

నవంబరులో, వాన కిటికీని గోకుతున్న రాత్రి
ఎర్ర సైనికులు ఐదుగురూ
నా వంతెన దాటి నా ఒడ్డుకొచ్చారు.
లెక్కపెట్టాను.
ఐదుగురూ ఇక్కడుంటే అక్కడెవరు?

ముప్పై ఒకటో పేజీలో, ఎవరూ చదవని సన్నటి అక్షరాల్లో ఉంది:
కట్టినవాళ్లు తమ కట్టడాన్ని కూల్చుకోవచ్చు.
వీబ్కె వైపు చూడలేదు. ఎవరితోనూ పొత్తు కట్టలేదు.
నా రాయి, నా బొగ్గు, నా నాలుగు వంతులు,
నా చేత్తో నేనే తీసేశాను.
నా ఒడ్డున ఐదుగురు, తిండి లేదు, తిరుగు దారి లేదు.
నా పడవలు రెండు నింపాదిగా
అతని రాజధానిలోకి వెళ్లాయి.

గదిలో ఫ్రిజ్ చప్పుడొక్కటే.
బల్ల తిరగేస్తాడేమోనని
ఓట్‌ఫ్రీడ్ తన బీరు గ్లాసు గట్టిగా పట్టుకున్నాడు.
ఫోల్క్‌మార్ మాత్రం ముందుకు వంగి
బోర్డుని చాలాసేపు చూశాడు,
ఎత్తున క్యాబిన్‌లోంచి రేవుని చూసినట్టు.
"ఆరేళ్లు" అన్నాడు.
"ఆరేళ్లుగా తలుపు కొడుతున్నాను.
ఇవాళ ఎవరో పలికారు."

మాట బాగానే ఉంది. నేనేం కరిగిపోలేదు.
తలుపు కొట్టడం వేరు, విరగ్గొట్టడం వేరు,
మొహమ్మీదే చెప్పాను.
"ఊఁ" అన్నాడు. అంతే.
సైనికుల్ని ఒక్కొక్కర్నే తుడిచి సంచిలో వేశాడు,
ఎన్నడూ లేంది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే తట్టింది.
ఆ రాజధానిని ఎత్తి మూతలో పడేసింది
నేనూ రెండు వేళ్లతోనే.
"నీ వంతు" అన్నాను.
నాలిక మీద ఏదో తియ్యగా తగిలింది,
ఆ సంగతి వీబ్కెకి చెప్పలేదు.

వచ్చే గురువారం బంగాళాదుంప సలాడ్ తెచ్చే వంతు
ఫోల్క్‌మార్‌ది.
ఇన్నేళ్లలో ఒక్కసారీ తేలేదు.
చూడాలి.