రాజకీయ వంత

గుమ్మెట కాచుకుందామంటే
ఊరంతా తిరిగినా చారెడు గడ్డి దొరకలేదు.
గోదారి కాలవ కింద ఊరండీ ఇది,
కుప్పల మధ్య దారి తప్పేవాళ్ళం ఒకప్పుడు.
ఇప్పుడు అన్నీ రొయ్యల చెరువులే.
ఉప్పుగాలికి చర్మం మెత్తబడి
ధిమ్మనాల్సిన చోట దబ్బంటోంది.
చివరికి టీకొట్టు నూకరాజు
పాలగిన్నె దించి పొయ్యి ఇచ్చాడు.

మా దళం ముగ్గురం.
కథ మరిడమ్మది, తంబురా ఆమెదే.
ఎడంపక్క హాస్యం నాది.
కుడిపక్క రాజకీయం ఇశ్రాయేలుది.
ఇరవై రెండేళ్ళు
ఆడు అడిగేవాడు, నేను నవ్వించేవాణ్ణి.
ఆడి ప్రశ్నకి జనం పళ్ళు కొరికితే
నా మాటకి ఆ పళ్ళే బయటపెట్టేవారు.

నిరుడు కూతురి ఆపరేషన్‌కి
చెరువుగలాయన అప్పిచ్చాడు.
ఈ ఏడు ఆ గట్టుమీదే ఇశ్రాయేలు కాపలా.
టార్చిలైటు, ఈల, నెలకి తొమ్మిదివేలు.

"కుడిపక్క ఖాళీగానే ఉంచుదాం," అంది మరిడమ్మ.

ఎస్సైగారు ముందే చెప్పారు:
వీరగాథ చెప్పుకోండి, పదింటికి మైకు కట్టెయ్యండి,
చెరువు మాట ఎత్తకండి.

ఎత్తలేదు.
బిందె చంకనెట్టుకుని
మూడూళ్ళు దాటిన చూలాలి కథ ఎత్తింది.
నేను తందాన అంటున్నాను.
చీకట్లో ఏరియేటర్లు
వాటి తాళం అవి కొడుతున్నాయి,
మా మైకుని మింగేస్తూ.

కథ ఆ చోటికొచ్చింది,
ఇశ్రాయేలు అడ్డుపడే చోటు.
మరిడమ్మ అందె ఆపింది.
నావంక కాదు, కుడివైపు చూసింది.
నా నోట్లో జోకు సిద్ధంగా ఉంది,
బావగారూ పిల్లీ జోకు, ఎప్పుడూ పేలేది.
అది మింగేసి
నా కీచుగొంతుతోనే అడిగాను:
"ఆగవమ్మా మరిడమ్మా,
గోదారి ఒడ్డునున్న ఊళ్ళో
ఆ చూలాలి మంచినీళ్ళని
ఇరవై రూపాయల టిన్నులోకి ఎవడు దింపాడే?"

ఎవరో నవ్వారు, అలవాటు కొద్దీ.
సగంలో ఆపేశారు.

అప్పుడు ఏరియేటర్లు ఆగాయి.
అన్నీ ఒక్కసారే.
ఎక్కువసేపు ఆగితే రొయ్య పైకి తేలుతుందని
అక్కడ కూర్చున్న పిల్లలకీ తెలుసు.
మరిడమ్మ తొందరపడలేదు.
"మళ్ళీ అడగరా," అంది.

కరెంటు పోయిందనుకుందామంటే
టీకొట్లో బల్బు వెలుగుతూనే ఉంది.

ఇశ్రాయేల్ని నేనింతవరకూ అడగలేదు.
పొద్దున్న ఎదురై
గుమ్మెట తట్టి చూశాడు.
"దబ్బుమంటోందిరా," అన్నాడు.
"చూరులో నిరుటి గడ్డి కాస్త దాచాను,
పట్టుకుపో."