సున్నా చూడండి సార్

గురువారం గురువారం అనంతపురం పోవాల,
బండల బిల్లులు సంకలో పెట్టుకోని.
తాడిపత్రి దాటుతానే రెండో బంకులో
మజ్జిగ రంగు కారు ఆపుతా.
ప్రొద్దుటూరు డాక్టరు పదేళ్లు తిప్పి నాకు అమ్మిన కారు,
ఇంకా డెట్టాలు వాసనే.

"పవరా సార్, మామూలా?"
చౌడేశ్వరి అడుగుతాది,
కాఫీలో చక్కెర ఎంత అన్నంత తేలిగ్గా.
ఆ రెండు మాటల మధ్య
లీటరుకు ఏడు రూపాయలు.

నేను లెక్కలు రాసేవాన్ని.
పాలిషింగ్ ఫ్యాక్టరీలో పలకకెంత, అడుగుకెంత,
పగిలినదాని నష్టం ఎవరి ఖాతా,
ఇరవై రెండేళ్లుగా ఇదే రాత.
ఊరికే నమ్మను.
డాష్‌బోర్డులో నలభై పేజీల నోటుబుక్కు పెట్టి
మూడు ట్యాంకులు మామూలు,
మూడు ట్యాంకులు పవరు
పోసి చూసినా.

మామూలుకు పదహారు పాయింట్ రెండు.
పవరుకు పదహారు పాయింట్ ఆరు.
ముప్పై లీటర్ల మీద పన్నెండు కిలోమీటర్లు మిగులు,
అంటే ఎనభై రూపాయలు.
దానికి నేను కట్టింది రెండు నూర్ల పది.
అదీగాక ఒక వారం మామ బండిలో లేడు,
ఒక వారం ఆషాఢం గాలి
పోయేటప్పుడు ఎదురు తోసి
వచ్చేటప్పుడు వెనక తోసింది.
గాలిని ఏ పద్దు కింద రాయాల?

"మెత్తగా పోతాంది గదా బావా" అంటాడు బావమరిది.
మెత్తదనానికి నా పుస్తకంలో గడి లేదు.

ఇమాం కాసిం షెడ్డులో బానెట్టు ఎత్తి
ప్లగ్గు గుడ్డతో తుడుస్తా నవ్వినాడు.
"తొంభై ఐదంటే బలం అనుకుంటాండావా సామీ?
బలం కాదు, ఓపిక.
పిస్టను పైకొచ్చి నొక్కుతాది, నొక్కుతాది,
నిప్పురవ్వ రాకముందే భగ్గుమనకుండా
తమాయించుకునే ఓపిక.
గట్టిగా నొక్కే ఇంజన్లకు అది కావాల.
నీ బండి నొక్కుడెంత?
మనవడు తాత కాళ్లు పిసికినంత.
దీనికి తొంభై ఒకటే శానా.
ఆ దుడ్లతో ఎయిర్ ఫిల్టర్ మార్చు,
టైర్లలో గాలి చూసుకో,
ముందు డిక్కీలో ఆ బండల సాంపిళ్లు దించు."

దించినా. పన్నెండు పలకలు.

లెక్క తేలిపోయింది, పుస్తకం మూసేయొచ్చు.
కానీ ఓపిక అన్న మాట
సీటు కింద పడిన రూపాయి బిళ్ల మాదిరి
మలుపు తిరిగినప్పుడల్లా దొర్లుతానే ఉండాది.

మళ్లా వైశాఖం వచ్చింది. మధ్యాన్నం రెండు.
బంకు నీడలో కూడా నేల చెప్పుల్లోకి కాలుతాంది.
నా ముందర ఒక పెద్ద కారు.
లోపలి చల్లదనం పోకుండా అద్దం సగమే దించి
ఆయన అరుస్తాండాడు.
మీటరు తిప్పినారంట, దొంగ బంకంట,
ఇంకా నా పుస్తకంలో రాయలేనివి.
ఇటు గాజుగది తలుపు తీసి మేనేజరు ఓబులేసు,
"ఏమ్మా, పొద్దన్నుంచి పవరు పద్నాలుగు లీటర్లేనా?"

అటునుంచి అద్దం, ఇటునుంచి గాజు.
చౌడేశ్వరి టోపీ సర్దుకుంది.
భుజంతో చెమట తుడుచుకుంది.
భగ్గుమనలేదు.
"సున్నా చూపించినా కదా సార్" అనింది, అంతే.

నా వంతు.
"పవరా సార్, మామూలా?"
ఎందుకో నోట్లోంచి వచ్చేసింది, పవరు పొయ్యమ్మా అని.
ముప్పై లీటర్లు.
లీటరుకు పావలా ఆమెకంట, అంటే ఏడున్నర.
మిగిలిన రెండు నూర్ల రెండున్నర
ఎవరి ఖాతాలోకి పోయిందో
లెక్కలు రాసేవాన్ని, నాకు తెలీదా.

ఆ ట్యాంకుకు మైలేజీ కట్టలేదు.
తేదీ వేసి ఎదురుగా ఒక గీత గీసినా.
బండికి ఏ తేడా తెలిసినట్టు లేదు.
శింగనమల దాటినాక ఎప్పటి మాదిరే
మూడో గేరులో మూలిగింది.

మర్సటి గురువారం "మామూలే" అన్నా.
ఆమె ఏమీ అనలేదు. గన్ను పెట్టింది,
మామూలు గొంతుతోనే,
"సున్నా చూడండి సార్."

తల తిప్పి చూసినా.
సున్నానే ఉండాది.