గుమాస్తా గారి నీటికుక్క

గుణుపురం రేకుల టాకీసులో
మూడంటే మూడ్రోజులాడిందా సినిమా.
తాలూకాఫీసు గుమాస్తా ఒకడు
నీటికుక్కను పెంచుకుంటాడు.
అది ఫైళ్ల మీద తడికాళ్లతో తిరుగుతుంది,
దొరగారి క్యారియర్లో చేపముక్క మాయమవుతుంది,
గుమాస్తాకి మెమో వస్తుంది.
అంతే కథ.

టికెట్లు చింపే మా దాలినాయుడు చిన్నాన్న
తెలుగు రాని బెంచీల కోసం
మాట మాటకీ ఒరియాలో అరిచేవాడు,
నోరులేని నీటికుక్క తరఫున కూడా.

రెండో ఆటలో తెలిసింది
ఆఖరి రీలు పెట్టె బస్సు దిగకుండానే
రాయగడ పోయిందని.
తెర తెల్లగా నిలబడింది.
డబ్బులు వాపసన్నారెవరో.
చిన్నాన్న లాంతరుతో తెర ముందుకెళ్లి
మిగతాది రెండు భాషల్లో చెప్పేశాడు:
ఉజ్జోగం పోయిన గుమాస్తా
దాన్ని చంకనెట్టుకుని రాత్రి బస్సెక్కి
ఎక్కడో కాదు,
మన వంశధారలోనే వదిలేశాడు,
ఇసకతిప్ప పక్కన.

ఆట విడవగానే
పద్నాలుగు మందీ టార్చిలైట్లతో ఏటికే పోయారు.
ఇప్పటికీ చీకటేళ నీళ్లు బుడుంగుమంటే
వల విసిరే కైలాస్ బెహరా
తల తిప్పకుండానే అంటాడు,
"ఓధ. గుమాస్తా బాబుది."

మొన్న ఆ రీలు దొరికిందంటే
కటకం దాకా పోయి చూశాను.
అన్నీ గీతలు.
నీటికుక్క అందులో లేనే లేదు.
షూటింగు మధ్యలో పారిపోయిందేమో,
ఖాళీ గంగాళంతో మాట్లాడుతున్నాడు గుమాస్తా,
నవ్వించాలని నానా తంటాలూ పడుతూ.

చిన్నాన్నకి చెప్పాను.
"ఇక్కడుంటే అక్కడెలాగుంటాది?" అని
చేపముల్లు తీసి
కంచం అంచున పెట్టాడు.