ఏడు వోల్టులు

నీకు వినపడదు కదా జెనోన్,
అందుకే నా మాట నమ్మడానికి వారం పట్టింది.

ముప్పై రెండేళ్లు ఓడల అడుగున
ఇంజను గదుల్లో నిలబడ్డవాడివి.
సన్నటి శబ్దాలన్నీ ఒక్కొక్కటే
నీ చెవుల్లోంచి దిగిపోయాయి,
ఏ రేవులో దిగుతున్నాయో చెప్పకుండా.
ముందు పిచ్చుకలు. తరవాత టీ కెటిల్ ఈల.
ఆ తరవాత నా గొంతులో సగం.

ఇప్పుడు నీ చేతులతో నువ్వే బిగించుకున్న కంప్యూటరు
మన మంచానికి మూడడుగుల దూరంలో
రాత్రంతా రొద పెడుతోందంటే
"అబ్బే, పిల్లి నిద్రపోతున్నట్టుంది" అంటావు.

పిల్లి కాదయ్యా.
చక్కెర డబ్బాలో ఇరుక్కున్న కందిరీగ.

గ్దీనియాలో నవంబరు, నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తు, ఉన్నది ఒకటే గది.
కిటికీ తెరిస్తే రేవు క్రేన్ల మోత,
మూస్తే నీ ఫ్యాన్ల మోత.
"ఇక నేనెక్కడికి పోను?" అన్నాను.

నువ్వేం మాట్లాడలేదు.
పొద్దున్నే డబ్బా పక్కపలక విప్పేశావు,
కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఫ్యాను చట్రానికి ఆనించి
పిడిని పళ్ళతో కరిచి పట్టుకున్నావు.
ఎముకకి చెవుడు రాదట.
"ఇది బేరింగు," అన్నావు పళ్ళ సందుల్లోంచి.
"ఆ రెండోది గాలి. మూడోది ఉత్త రేకు వణుకు."

అప్పట్నించి మనిద్దరం కలిసి ఒక మనిషిమయ్యాం.
చెవి నాది, చెయ్యి నీది.
ఒక్కో ఫ్యాను నడుం మీద వేలు పెట్టి ఆపుతావు,
నా వంక చూస్తావు.
రొద తగ్గితే నేను చెయ్యి దించాలి.
ఎన్నిసార్లు దించలేదో లెక్కలేదు.

వెనకవైపు జల్లెడ రేకుని కత్తిరిస్తుంటే వేలు తెగింది.
నెత్తురు చూసి నేను కెవ్వుమంటే
"దీన్ని కూడా కాస్త తగ్గించాలి" అన్నావు.
స్క్రూలు తీసి రబ్బరు ముక్కలు పెట్టావు.
నా పాత స్కర్టు నడుములోంచి ఎలాస్టిక్ లాగి
హార్డ్ డిస్కుకి ఉయ్యాల కట్టావు.
మన బొగ్నా ఉయ్యాలని నువ్వు ఒక్కసారీ ఊపలేదు,
అప్పుడు సముద్రం మీద ఉన్నావు.
అన్నాను కూడా ఆ మాట, నీ చెవుడు వైపు నిలబడి.

చివరికి పన్నెండు వోల్టుల తీగ పీకి
ఏడుకి తగిలించావు.
"రేవు దగ్గర పడుతుంటే ఓడలోనూ ఇంతే,
నెమ్మది అని పైనుంచి గంట కొడతారు."
వేడి అరవై రెండు చూపించింది.
"ఓర్చుకుంటుందిలే," అన్నావు.
ఎవరు, అదా, నేనా?

ఒక రొద పోతే దాని కిందది బయటపడింది.
ఫ్యాను పోతే డిస్కు గీర.
అది పోతే ఫ్రిజ్జు.
ఫ్రిజ్జు ఊరుకుంటే
పైఅంతస్తు క్లెయోఫాస్ గారి దగ్గు.
ఆయనా పడుకున్నాక
ఇంట్లో ఏమీ మిగల్లేదు.

చీకట్లో అడిగాను, గట్టిగా,
"ఇప్పుడు నీకేం వినపడుతోంది?"
"ఈల," అన్నావు.
"ఏం ఈల?"
"ఎప్పుడూ ఉండేదే. ఎనభై ఏడు నుంచి.
ఫ్యాన్ల బొంగురులో కాస్త మునిగేది, అంతే."

ఎనభై ఏడు నుంచి.
ఒడ్డున ఉన్నన్ని రాత్రులూ నీ పక్కనే పడుకున్నాను.
పక్క గదిలో పెన్సిల్ దొర్లితే లేచేదాన్ని,
ఒక్కసారైనా నాకది వినపడలేదు.

"నెమ్మది గంట కొట్టినా
అదొక్కటీ తగ్గదు," అని నవ్వావు.
తగ్గించినందుకు నన్నేమీ అనలేదు.

లేచాను. దీపం వెయ్యలేదు.
టేబుల్ మీద తడిమితే స్క్రూడ్రైవరు దొరికింది.
పిడిని నీ చెవి వెనక ఎముకకి ఆనించి
చల్లటి ఇనుప మొనని పళ్ళతో పట్టుకున్నాను.

"బేరింగా?" అన్నావు.

కదలకు.
వింటున్నాను.