సూడు

రాత్రి పన్నెండున్నర.
విల్లివాక్కంలో మూడో అంతస్తు,
పగటి ఎండనంతా దాచుకున్న స్లాబు నెత్తిమీద.
రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు.
నా బల్ల మీద వేలిగోరంత రోలు ఒకటి
నాలుగేళ్లుగా నూరుతూనే ఉంది, పగల్లేదు.

బయాస్ తెరిచాను.
మల్టిప్లయర్ నలభై రెండు.
పైబాణం నొక్కుకుంటూ నలభై ఏడు దాకా పోయి
ఆగాను.
ఎంటర్ కొట్టలేదు.

నిన్న రాత్రి వంతెన కింద చచ్చిపోయాను.
ఎడమ, ఎడమ అని హెడ్‌సెట్‌లో ఎళిలన్ అరుస్తూనే ఉన్నాడు.
నేను తిరిగాను, నా బొమ్మ తిరగలేదు.
రెప్పపాటులో సగం.
ఆ సగంలో గొంతు ముదరని కుర్రాడెవడో
నన్ను కాల్చి, శవం మీద రెండు గంతులేసి పోయాడు.
నలభై ఒకటో ఏట నెమ్మదించింది చెయ్యా, మెషీనా?
తేల్చుకోవడానికి ఇదొక్కటే దారి అనుకున్నాను.
(చెయ్యే అని తేలితే ఏం చేయాలో
అనుకోలేదు.)

శనివారం రిచీ స్ట్రీట్‌లో, మెట్ల కింద
బీరువా అంత కొట్టు సెల్వమణిది.
థర్మల్ పేస్టు గొట్టం చేతిలో పెట్టి
నా కేబినెట్ ఫొటో చూసి పెదవి విరిచాడు:
"సూడు తాంగాదు, సార్."
వేడికి తట్టుకోదని.
ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా
ఆ మాట వింటే చెవి ముందు వెంకటగిరి వైపే తిరుగుతుంది.
సూడు అంటే మాకు చూడు.
చూపుకు తట్టుకోదు సార్, అన్నట్టు వినబడింది.
డబ్బులిచ్చి వచ్చేశాను.

అంబత్తూరులో మోటార్లను పరీక్షించడం నా పని.
ప్రతిదాని నడుముకీ ఒక రేకు బిళ్ల:
ఇంత వోల్టేజి, ఇంత వేడి, ఇంతే.
బిళ్ల మీద రాసిన దానికి పైన కాస్త దాచి ఉంచుతారు,
గిన్నె అడుగున ఎవరికీ చెప్పకుండా ఉంచిన రెండు గారెల్లాగ.
ఆ రెండు గారెలూ రోజూ తినేది నేనే.
నూట పది శాతం, నూట ఇరవై,
కాలిన వార్నిష్ వాసన వచ్చేదాకా.
వచ్చాక ఫెయిల్ అని రాసి, టీకి వెళ్తాను.
రెండు దీపావళి బోనస్‌లు కలిపి కొన్నదాని మీద
ఆ మాట రాయడానికి మాత్రం
చెయ్యి, నిజంగానే, నెమ్మదిస్తుంది.

కొట్టాను.

నలభై ఏడు.
ముందు ఏమీ కాలేదు. తర్వాత వంతెన వచ్చింది,
నీళ్ల మీద నూనెలా జారుతూ.
గడ్డిపరకలు కూడా విడివిడిగా ఊగాయి.
మూలన అంకె: ఎనభై ఎనిమిది, తొంభై మూడు, తొంభై ఆరు.
పక్క గదిలోంచి ఇందుమతి నిద్రగొంతుతో,
"ఫ్యాను అలా మూలుగుతోందేంటి?"
"ఏ ఫ్యాను?" అన్నాను.
నాలుగో నిమిషంలో తెరంతా నీలం.

ఊపిరి బిగబట్టి మళ్లీ ఆన్ చేశాను.
బతికే ఉంది.
దానికి దండం పెట్టానని ఎవరికీ చెప్పను.

నలభై నాలుగు. వోల్టేజి ఒక్క చుక్క తగ్గించి.
రెండే మెట్లు. ఎనభై ఒకటి దగ్గర కుదురుకుంది.
సెల్వమణి వింటే దీన్ని ఓవర్‌క్లాకింగ్ అనడు,
బేరం అంటాడు.

వంతెన. ఎడమ, ఎడమ.
ఈసారి తిరిగాను. నాతోపాటు బొమ్మా తిరిగింది.
వాణ్ని చూశాను: ఎర్ర టోపీ, తుప్పు రంగు తుపాకి,
గురి పెట్టే ముందు ఒక్క క్షణం తటపటాయించడం కూడా.
అన్నీ చూసి
చచ్చిపోయాను.

"మెషీన్ బాగుందిప్పుడు," అన్నాడు ఎళిలన్,
ఇంకేమీ అనకుండా.

మృగశిర రానీ, నాలుగు చినుకులు పడనీ,
నలభై ఐదు సంగతి అప్పుడు.
కేబినెట్ మీద అరచెయ్యి పెట్టాను.
సూడు,
అన్నాను. ఏ భాషలోనో మరి.